ఒక మగ్గం, ఇద్దరి పువ్వు

రాజమండ్రి నుంచి జీపులో, కాలవగట్ల మీద కుదుపులు తింటూ, గైడుతో నేత ఊళ్ళు చూడబోయాను. ఉప్పాడ దగ్గర ఓ ఇంట్లో భార్యాభర్తలు ఒకే మగ్గం ముందు మోచేతులు తగిలేలా కూర్చుని పువ్వుల జాందానీ చీర నేస్తున్నారు. ఆవిడ నా వైపు తిరిగి, “ఎర్రదారం ఇమ్మని ఆయనకి చెప్పండమ్మా” అంది.

చెప్పాను. “ఇదిగో, తీసుకోమనండి” అన్నాడాయన, అదీ నాతోనే.

గైడు నవ్వాడు. “రెండ్రోజులుగా మాటల్లేవండి. ఈ పువ్వు నెయ్యడం ఒక్కళ్ళ వల్ల కాదు కదండీ, అందుకే కూర్చున్నారు.”

అరగంట సేపు నేనే రాయబారిని. చివరికి జీపు హారన్ మోగితే లేచాను. ఆయన కంగారుపడ్డాడు. “పువ్వు సగంలో ఉందండి. ఇప్పుడు మీరెళ్ళిపోతే ఎలాగండి?”

“పాపం, ఆవిణ్ణి వెళ్ళనివ్వండి. ఆ దారం ఇలా పట్టండి” అంది భార్య, నా వైపు చూడకుండా.