విత్తనం జొన్నలు కోళ్లు తిన్నాయి

ఈ రోజు పొద్దున హాస్టల్ నుంచి జూలూరుపాడు దగ్గరున్న మా ఊరికి వచ్చాను. వాగు పక్కనున్న మా మెట్ట చెలకలో ఈసారి నేనే జొన్న వేస్తానని, విత్తనం దాచమని నానమ్మకు ముందే చెప్పి ఉంచాను. సరేనంది. గటక, అంబలి, పేలాలు అని జొన్న వంటకాల గురించి ఆమె నోట విన్న మాటలన్నీ రాసుకున్నాక, ఆ పంటను కూడా కళ్లారా చూడాలనిపించింది.

వచ్చి చూస్తే చెలకను మడి చేసి వరి నాటేశారు. సన్న వడ్లకు సర్కారు బోనస్ ఇస్తోందని నాన్న వేశాడట. విత్తనమైనా మిగిలిందిలే అనుకుని నానమ్మ విత్తనాలు దాచే సొరకాయ బుర్ర దించాను. ఖాళీగా ఉంది.

"కోళ్లకు ఏసిన," అంది నానమ్మ.

"దాస్తనని మాటిచ్చినవ్ గదా నానమ్మా."

"ఇచ్చిన. రేషన్ల దొడ్డు బియ్యం వచ్చినప్పుడు రాత్రయితే అందరు జొన్న రొట్టెలే అడిగేటోళ్లు. సన్నబియ్యం వచ్చినంక ఎవరు ముట్టిండ్రు? పోయిన నెల నీకోసమని చేస్తే ఒక్క ముక్క తిని, అన్నం రెండుసార్లు పెట్టించుకున్నవ్. నువ్వు జొన్నల పేర్లు రాసుకుంటవ్ గని తినవ్ బిడ్డా."

నాన్న సంగతి సరే, నానమ్మ ఇట్లా చేస్తుందని అనుకోలేదు. మాట తప్పింది తనే అయినా నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. మధ్యాహ్నం తిననని చెప్పి మంచం ఎక్కాను. వేడి సన్నబియ్యం అన్నం, పప్పు పోపు వాసనకు అరగంటలో లేచాను.

మీ ఇంట్లో జొన్న రొట్టె చివరిసారి ఎప్పుడు చేశారు? దాన్ని పూర్తిగా తిన్నదెవరు? నిజం చెప్పండి.