చెల్లి లివర్లో రాగి

చెల్లికి పచ్చకామెర్లు రెండోసారి వచ్చినప్పుడు నేను ఇంటర్ బైపీసీ, అది తొమ్మిదో తరగతి. నాన్న మండపేటలో రైసుమిల్లు గుమస్తా. పక్కూళ్లో పసరు పోయించి, పథ్యం పెట్టాం. కళ్లు తెల్లబడ్డాయి గానీ చేతులు వణకడం మొదలైంది. కోడి కెలికినట్టు రాస్తోందని మేష్టారు తిడితే, ఇంటికొచ్చాక నేనింకో నాలుగు చివాట్లు పెట్టేదాన్ని. నా నోటి సంగతి మా వీధంతటికీ తెలుసు లెండి.

నాన్నమ్మ వైద్యం వేరు. రాగి చెంబు చింతపండుతో తళతళా తోమి, పడుకునే ముందు నీళ్లు నింపి పెట్టేది. పొద్దున్నే పరగడుపున తాగితే కామెర్లు మళ్లీ దరిచేరవట. చిలుము వాసనని చెల్లి మొహం తిప్పేసుకునేది. దాన్ని గోడకి ఆనించి, ముక్కు మూసి, చెంబెడు నీళ్లూ తాగించే డ్యూటీ నాది. గుక్కెడు మిగిల్చినా ఊరుకునేదాన్ని కాదు. అలా ఏడాది పైనే తాగించాను.

పొట్ట ఉబ్బి, కాళ్లు వాచాక రాజమండ్రి తీసుకెళ్లాం. డాక్టరు గారు దాని కంట్లోకి లైటు వేయించి చూశారు. నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం ఉందట. మేం రోజూ చూసే కళ్లే, మాలో ఒక్కరికీ కనబడలేదు.

"ఒంట్లోంచి రాగి బయటికి పోవట్లేదండి. లివర్లో పేరుకుపోయింది" అన్నారాయన.

"రాగి ఏంటండి?" అన్నాడు నాన్న.

"మన తిండిలో ఉండేదేనండి. ఎక్కువైతే లివరు కణాల్ని చంపేస్తుంది. లోపలున్న డీఎన్ఏని కూడా దెబ్బతీస్తుంది."

డీఎన్ఏ! మెలికల నిచ్చెన బొమ్మ వేసి పరీక్షలో మార్కులు కొట్టేసిన దాన్ని. అది మా చెల్లి పొట్టలో తెగిపోతోందట. చెంబు సంగతి నేనే బయటపెట్టాను. ఆయన నా మొహంలోకి చూసి, "జబ్బు పుట్టుకతో వచ్చిందమ్మా, ఆ నీళ్లవల్ల కాదు. కానీ ఇంక ఒక్క గుక్క కూడా పట్టకండి" అన్నారు. ఆ 'కానీ' దగ్గరే నాన్న బల్లమీద కూలబడ్డాడు.

అక్కడితో అయిపోలేదు. తోబుట్టువులకీ పరీక్ష చెయ్యాలన్నారు. "నాకేమండీ, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాను. రిపోర్టులొచ్చాయి. నాకూ ఉంది! లివరు ఇంకా పాడవలేదని, చెల్లెలి పుణ్యమా అని ముందే దొరికిందని, అదృష్టవంతురాలినని చెప్పారు. ఛీ, అదేం మాటండీ! కానీ అది వినగానే నాకు ముందు కలిగింది సంతోషమే. ఆ తర్వాతే చెల్లి వైపు చూశాను. అది నవ్వుతోంది. "పోన్లే అక్కా, నీకు ఇంతదాకా రాదు" అంది.

చెల్లి ఆ వానాకాలం దాటలేదు. అంతదాకా ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, రాగిని బయటికి పంపే ఒకే రకం మాత్రలు ఒకే వేళకి మింగేవాళ్లం. నాకు పనిచేశాయి.