హొలుద్‌తలా పసుపు రాయి

కలకత్తా పక్కన, సంత్రాగాఛి దాటాక బొంబాయి రోడ్డు మీద ఉంది మా హొలుద్‌తలా. హొలుద్ అంటే బెంగాలీలో పసుపు, తలా అంటే చోటు. ఇప్పుడు బజారూ, మందుల షాపూ, పార్టీ ఆఫీసూ అన్నీ ఉన్నాయి కానీ, డెబ్బై తొమ్మిదిలో ఇక్కడున్నది అప్పలకొండమ్మ టీ బడ్డీ, పక్కనే వేపమొక్క కింద పసుపు పూసిన రాయి. అంతే.

ఆమె శ్రీకాకుళం నుంచి మొగుడితో రోడ్డు పనికి వచ్చింది. పని ముగిసి ముఠా కదిలిపోయినా తను మాత్రం కదలనంది. మొగుడు తిట్టి తిట్టి విసిగి, గార్డెన్ రీచ్ డాకుల్లో కూలికి పోయాడు.

ఆ రాయికి మొదటి కొబ్బరికాయ కొట్టినవాడు లారీ డ్రైవర్ కూర్మయ్య. వేప కింద పసుపు రాయి కనబడితే మనవాళ్ళకి ఇంకేం కావాలి? అమ్మవారే! అతన్ని చూసి బెంగాలీ డ్రైవర్లు మందారాలు పెట్టారు. బళ్ళు ఆగడం మొదలైంది. ఆగిన బళ్ళ కోసం నా పంచర్ షాపు వెలిసింది, నా వెనకే మిగతా ఊరు. రాయి చుట్టూ చిన్న గుడి లేచింది; దేవుడు లేడనే పార్టీ కుర్రాళ్ళే దానికి సున్నం వేయించారు.

అప్పలకొండమ్మ రోజూ పొద్దున్నే రాయి కడిగి పసుపు రాసేది. దండం మాత్రం ఒక్కనాడూ పెట్టలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఏటప్పా ఆ పొగరు? అమ్మోరి పేరు సెప్పుకుని బతుకుతన్నావు, ఓ దండమెట్టలేవా?" అని పదిమందిలో అడిగేవాణ్ణి. ఆమె గ్లాసులు తోముకునేది.

రోడ్డు వెడల్పు చేసే ఏడు, అమ్మవారిని బజారు చివర కొత్త గుడికి మార్చాలనుకున్నాం. డప్పులతో రాయి లేపాం. ఆమె అడ్డు రాలేదు. ప్రొక్లెయిన్ ఆ చోటు తవ్వడానికి వంగేసరికి మాత్రం పరుగెత్తుకొచ్చి నేల మీద బోర్లా పడిపోయింది.

"అమ్మోరిని తీసేసినాం కదప్పా, ఇంకేటున్నాది ఇక్కడ?" అన్నాను.

"నా పిల్లరా," అంది మట్టిని కరుచుకునే. "రోడ్డు పనిలో పుట్టి, ఇక్కడే పోనాది. కుక్కలు తవ్వకండా రాయెట్టినాను. పురుగూ పుట్రా రాకండా పసుపు రాసినాను. అమ్మోరన్నది మీరే."

డప్పులు ఆగిపోయాయి. ఇన్నేళ్ళూ ఊరు ఊరంతా మొక్కింది ఒక పసిగుడ్డు గోరీకా!

"మరి సెప్పలేదేటప్పా?"

"సెప్తే ఎవలు దీపమెట్టీవోరు? చీకట్లో ఒక్కర్తీ ఉండీది."

ప్రొక్లెయిన్ డ్రైవరు ఇంజను ఆపి దిగిపోయాడు. రాయిని మోసుకొచ్చి మళ్ళీ అక్కడే పెట్టాం. అలవాటుగా చేతులు జోడించబోయి ఆగిపోయాను. ఆమె నన్నే చూస్తోంది.

"దండమెట్టవేటని తిట్టీవోడివి కదరా, ఎంకటేసూ. కన్నబిడ్డకి తల్లి దండమెడతాదా?"