కోహిమా ఎవరు?

నిన్న తిరువళ్ళూరులో మా అమ్మాయి రెండో ప్రపంచ యుద్ధాన్ని మలుపు తిప్పిన పోరాటాల పేర్లు వల్లిస్తోంది. అందులో కోహిమా ఉంది. స్వామికి దండ కడుతున్న నా చేతులు ఆగిపోయాయి.

నీలి అంచు ఎనామిల్ కంచాలు గుర్తున్నాయా మీకు? మా ఊరు కే.జీ.కండిగైలో మా తాతకు అలాంటి కంచంలోనే అన్నం. బర్మా యుద్ధానికి వెళ్ళి వచ్చిన ఆయన, పగటి నిద్రలో "కోహిమా" అంటూ ఏడ్చేవాడు. అవ్వ అది ఆడమనిషి పేరనుకుంది.

"ఆ కోహిమమ్మనే వచ్చి వడ్డించమను పో," అని కంచం నా చేతికిచ్చేది.

"అది ఊరు పాపా. మా పటాలమోళ్ళంతా ఆడనే సచ్చిపోయినారు," అన్నాడు తాత ఒకసారి.

అవ్వకు చెప్పాను. "ఊరి పేరు చెప్పి ఏడ్చే మొగోడు యాడుండాడే?" అంది.

చివరిదాకా ఆమె ఆయనకు తన చేత్తో వడ్డించలేదు. నేనూ అవ్వ మాటే నమ్మి, తాత పక్కన కూర్చోవడం మానేశాను.