మేనత్త ఎక్కితే పట్టిన బ్రేకు

ఆ రోజుల్లో పెళ్లిచూపులకు కారులో వెళ్తే సంబంధం సగం కుదిరినట్టే అనుకునేవారు. మిగతా సగం ఆ కారు చేరుతుందా లేదా అన్నదాని మీద ఉండేది. సంగారెడ్డి నుంచి హత్నూర దారి పట్టిన మా కారులో ఉన్నవి, ఉన్నవాళ్లు: వెనక సీట్లో మా నాయన, ఆయన అక్క అయిన మా మేనత్త, ముందు డ్రైవర్ చాచా, పక్కన నేను, మేనత్త ఒళ్లో పూలూ పండ్లూ ఉన్న బుట్ట, నా కాళ్ల దగ్గర జాకీ, పానాల సంచి. ఇవిగాక, కొత్తగా చేతికొచ్చిన నా ఇంజనీరింగ్ డిప్లొమా. (కాగితం ఇంట్లోనే ఉంది. కానీ అది ఎక్కడికైనా నాతోపాటే వచ్చేది.)

కారు రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది. జాగీర్లు పోయాక ఒక నవాబు ఇంట్లోంచి మా ఊరి వకీలు సాబ్ ఇంటికి, అక్కడి నుంచి ఆ ఒక్క రోజుకు మా ఇంటికి వచ్చింది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి మా ఇంటికి ఆడపెద్ద మేనత్తే. ఆమె పిల్లకు బొట్టు పెడితేనే మాట ఖాయం. అదీ రాహుకాలం రాకముందే పెట్టాలి. నా తొందర నాకుంది. ఆ పిల్లను అంతకుముందు ఒక పెళ్లిలో చూశాను. వద్దు వద్దంటున్నా నా విస్తట్లో రెండోసారి పప్పు వేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. అప్పటి నుంచి నాకు పప్పు తప్ప వేరే ఆలోచన లేదు.

ఊరు దాటి కొంత దూరం పోయామో లేదో, చాచా ముఖం చిట్లించాడు. "బాబూ, బండిని వెనకనుంచి ఎవరో పట్టుకున్నట్టున్నది. కమురు వాసన గూడ వస్తున్నది."

దిగి వెనక చక్రం డ్రమ్ము మీద చెయ్యి పెట్టాను. చుర్రుమంది. "బ్రేకు పట్టేసింది. అందరు దిగున్రి," అన్నాను, డాక్టర్లు వాడే గొంతుతో. జాకీ పెట్టి చక్రం తిప్పితే హాయిగా తిరిగింది. అందరూ ఎక్కారు. మళ్లీ పట్టేసింది. మళ్లీ అందరినీ దింపి, ఈసారి డ్రమ్ము విప్పి, దుమ్ము దులిపి, ఒక్కొక్క భాగం చూపిస్తూ పాఠం చెప్పాను. "అత్తా, బ్రేకు షూలు బాగున్నయి. స్ప్రింగు బాగున్నది. డ్రమ్ము గూడ బాగనే ఉన్నది."

"అన్ని బాగుంటే బండెందుకు నడుస్తలేదురా?" అంది మేనత్త.

ఈ ప్రశ్న మా పరీక్షల్లో ఎప్పుడూ రాలేదు.

అందరూ మళ్లీ ఎక్కుతుంటే, కింద పడిన పానా కోసం వంగాను. అప్పుడు కనిపించింది. నాయన తర్వాత మేనత్త కాలు లోపల పెట్టగానే కారు వెనకభాగం కిందికి దిగింది, బ్రేకును లాగే కడ్డీ బిర్రుగా సాగింది. బండి కింద బరువు మోసే కమాను పట్టీలు ముసలివైపోయాయి. బరువు పడితే చాలు, ఎవరూ తొక్కకుండానే బ్రేకు పడుతోంది. ఖాళీ బండిని ఎన్నిసార్లు పరీక్షించినా ఏం తెలుస్తుంది? ఆనందం పట్టలేక అరిచాను: "దొరికింది! అత్త ఎక్కితే బ్రేకు పడ్తున్నది!"

చాచా ఆకాశం వైపు చూశాడు. మేనత్త బుట్టతో సహా దిగి, పోయి కల్వర్టు మీద కూర్చుంది. "నేను బరువైతే ఈడనే ఇడ్సిపెట్టి పోండ్రి. నీ పిల్లకు నువ్వే బొట్టు పెట్టుకో."

ఆమె లేకుండా బండి కదులుతుంది, కానీ పోయి ఏం లాభం? పైగా ఆ కడ్డీని ఎంత వదులు చెయ్యాలో తెలియాలంటే ఆమె బండిలోనే ఉండాలి. "అత్తా, నువ్వు కూసుంటేనే నేను కిందికెళ్లి సరిచెయ్యగలుగుత," అని బతిమాలాను.

"అంటే నన్ను తూకమేస్తవా?"

నాయన ముసిముసిగా నవ్వాడు. అదే ఆయన చేసిన పొరపాటు. "నవ్వుతున్నవా తమ్మీ? ముందు నువ్వెక్కు. నువ్వెంత పెసరగింజవో జెర సూద్దాం."

నాయన ఒక్కడే ఎక్కాడు. నేనూ చాచా తోశాం. బండి కదిలింది. నాయన మీసం సవరించుకున్నాడు. తర్వాత మేనత్త ఒక్కతే ఎక్కింది. అప్పుడూ కదిలింది! ఇద్దరూ కలిసి ఎక్కితే మాత్రం అంగుళం కూడా జరగలేదు.

"సూసినవా! సగం మీ నాయనదే," అని మేనత్త సీట్లో విశాలంగా సర్దుకుంది. నాయన మీసం మీది చెయ్యి తీసేశాడు. నేను పెళ్లిచూపుల తెల్లచొక్కాతోనే ఎర్రటి దుమ్ములో బండి కిందికి దూరి, వాళ్లిద్దరి బరువు కింద వెల్లకిలా పడుకుని, కడ్డీ నట్టు వదులు చేశాను.

రాహుకాలానికి కాస్త ముందుగా చేరాం. ఆలస్యమెందుకైందని పిల్ల తండ్రి అడిగితే, నేను గొంతు సవరించుకునే లోపలే మేనత్త చెప్పేసింది. "ఏం లేదన్నా, మా తమ్ముని బరువుకు బండి ఆగింది. పోరడు కిందికి దూరి బాగుచేసిండు." తలుపు వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేనత్త అటు చూసి, గ్రీజు మరకల నా చొక్కా చూసి, ఇంకెవర్నీ ఏమీ అడగకుండా కుంకుమ భరిణె తీసింది.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ కారులోంచి చాచా, మేనత్త, నాయన ఒక్కొక్కరే దిగిపోయారు. తలుపు వెనక నవ్విన మనిషి ఇప్పటికీ వద్దన్నా రెండోసారి పప్పు వేస్తూనే ఉంది. మొన్న మా కోడలి కొత్త కారు వెనక సీట్లో ఇద్దరం కూర్చుని వెళ్తుంటే, రోడ్డు మీది స్పీడ్ బ్రేకరు దాటేటప్పుడు కింద గర్రుమని గీసుకుంది. కోడలు మర్యాదగా రేడియో గొంతు పెంచింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇంటికొచ్చాక తూకం యంత్రం మీద విడివిడిగా నిలబడి, రెండు బరువులూ కూడుకున్నాం.

నూట అరవై మూడు కిలోలు.