పేరు గడిలో చుక్క

పుణే ఆసుపత్రిలో డేటాబేస్ చూసే హేమాంగి ఖరేకు గడి ఖాళీగా కనిపిస్తే ప్రాణం ఊరుకోదు. 'పేరు' అనే గడిని తనే తయారుచేసి, ఖాళీని ఒప్పుకోవద్దని నియమం పెట్టింది. ఆ నియమం కౌంటరులో టైపు చేసేవాళ్లను ఆపుతుంది. ప్రసూతి వార్డు జాబితాను ఒక్కసారిగా ఎక్కిస్తే మాత్రం కిమ్మనదు. ఆ సంగతి బయటపడిన ఉదయం, కళ్లజోడు కొంగుతో తుడుచుకుంటూ కౌంటరులో టైపు చేసే వైజయంతి దగ్గరికి వెళ్లింది.

"వార్డు నుంచి వచ్చిన పిల్లలకు పేర్లే లేవు. నువ్వెక్కించిన వాళ్లందరికీ చుక్కే పేరేమిటి వైజయంతీ?"

"బారసాల పన్నెండో రోజున కదా హేమాంగి తాయీ! అప్పటిదాకా పేరెక్కణ్ణుంచి తేను? ఏదో ఒకటి కొట్టందే నీ నియమం వదలదాయె."

హేమాంగి తన కంప్యూటరు దగ్గరికి తిరిగి వచ్చింది. పన్నెండు రోజుల్లోపు బిడ్డకు ఖాళీ చెల్లుతుందని, ఆ తర్వాత చెల్లదని, కౌంటరులో కొట్టినా జాబితాగా ఎక్కించినా ఒకేలా పనిచేసేట్టు నియమాన్ని తిరగరాసింది. తర్వాత ఆ చుక్కల్ని ఒక్కొక్కటే చెరిపింది, నిద్రపోతున్న పసివాళ్ల మొహాల మీద ఈగల్ని తోలినట్టు.