చీలమండ కింద ఎవరిది?

మా కోడలు పదేళ్ళకు పైగా మనుషుల్లేని ఇళ్ళే గీసింది. అదే ఆమె ఉద్యోగం. ఆఫీసులో ఆమెకు ‘గోడ’ అని పేరు పెట్టారు. గోడలు బాగా వేస్తుందని కొందరంటారు. ఎన్నన్నా ఉలకదు పలకదు కనక ఆ పేరొచ్చిందని మా అమ్మాయి అంటుంది. ఆ పేరు పెట్టింది మా అమ్మాయే కాబట్టి దాని మాటే నమ్మాలి.

గోడలొక్కటే కాదు, గదులు, మెట్లు, వసారాలు, దుకాణాలు, వానలో వీధులు, అన్నీ ఆమె చేతిలోంచి వస్తాయి. కాగితం, కుంచె, రంగు సీసాలు ఏమీ ఉండవు. ఒళ్ళో ఒక నల్లటి పలక, చేతిలో తీగ లేని కలం, ఎదురుగా తెర. పలక మీద గీస్తే తెర మీద పడుతుంది. లైటు స్విచ్చు గీయాలంటే ముందు మా ఇంట్లో స్విచ్చు దగ్గరికి వెళ్ళి నిలబడుతుంది. చుట్టూ వేళ్ళు తగిలి తగిలి నల్లబడ్డ మేర ఎంత ఉందో చూసుకుని వచ్చి, అంత మురికీ పొల్లుపోకుండా వేస్తుంది. ఒకసారి ఆమె వేసిన వంటింట్లో కుళాయి బొట్టు బొట్టుగా కారుతుంటే చూడలేక లేచి కట్టబోయాను. వేలికి తెర అద్దం తగిలింది. వేలు తడిసిందని ఇంట్లో అందరికీ చూపించాను. నా మాట మీద మా వాళ్ళకు నమ్మకం పోయి చాలాకాలమైంది.

ఆ ఇళ్ళలో ఉండాల్సిన మనుషుల్ని గీసేది మా అమ్మాయి. ఇద్దరిదీ ఒకే స్టూడియో, పిల్లల బొమ్మల కథలు తయారుచేసే చోటు. మా అమ్మాయి పై వాటాలో ఒక్కతే ఉంటుంది. కింద నేనూ, కొడుకూ, కోడలూ. వంటిల్లు మాత్రం అందరికీ ఒక్కటే. కోడల్ని స్టూడియోలో చేర్పించింది కూడా మా అమ్మాయే. “నేను పెట్టించిన ఉద్యోగం” అని రోజుకోసారైనా అనకపోతే దానికి అన్నం సహించదు.

ఆ స్టూడియోలో ఒక వింత కట్టుబాటు ఉండేది. మనుషుల్ని గీసేవాళ్ళు చీలమండ దాకా గీసి ఆపేస్తారు. చోట్లు గీసేవాళ్ళు ఆ చీలమండ మునిగేలా గడ్డో, తివాచీ కుచ్చులో, బురదో వేస్తారు. తరవాత రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి అంటిస్తారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పాదాలు గీయడం చచ్చేంత కష్టం కనక అవతలివాళ్ళ నెత్తిన పడేద్దామని రెండు జట్లూ అనుకుని ఉంటాయి. అందువల్ల ఆ స్టూడియో కథల్లో పాదాలున్న మనిషి లేడు. రాజుగారు సింహాసనం మీద కూర్చున్నా సరే, కాళ్ళకు అడ్డంగా ఒక కుక్క పడుకుని ఉండేది. నా చిన్నప్పుడు కాన్వెంటులో డ్రాయింగు చెప్పిన సిస్టరు, పాదాలు కనపడకపోతే సగం మార్కులు కోసేసేది. దేవదూతలకు మాత్రమే మినహాయింపు. దాంతో మా క్లాసులో పోస్టుమాన్‌కి కూడా రెక్కలు మొలిచాయి.

ఆ చీలమండ దగ్గరే మా ఇంట్లో యుద్ధం. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. అక్కడ వేసేది గడ్డే మరి.

“నీ గడ్డి పొట్టిగా ఉంది. నా పిల్ల గాల్లో తేలుతోంది,” అనేది మా అమ్మాయి, అన్నం కలుపుతూ.

“మీ పిల్లకి నీడ లేదు వదినగారూ. నీడ లేనిది ఎక్కడ పెట్టినా తేలుతుంది.”

“నీడ పడేది నేల మీద. నేల నీది.”

“నీడ మనిషిది. మనిషి మీది.”

“అబ్బో, గోడకి నోరొచ్చింది.”

ఒకరికి తమ్ముడూ ఒకరికి మొగుడూ అయిన మా అబ్బాయి ఇక్కడికొచ్చేసరికి కంచం పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయేవాడు. పెళ్ళయినప్పటినుంచీ వాడు రాత్రి భోజనం నిలబడే చేస్తున్నాడు.

ఇలా ఉండగా స్టూడియో యజమాని ఇద్దర్నీ పిలిచాడు. మనుషుల్ని తుడిచేయడంలో సిద్ధహస్తుడని ఆయన్ని వెనకాల రబ్బరు అంటారు.

“ఇకనుంచి మనిషి వేరు, చోటు వేరు అని లేదు. ఒకే చేయి, ఒకే దృశ్యం. మనిషి ఆ చోట్లో పుట్టి పెరిగినట్టుండాలి. అంటించినట్టు ఉండకూడదు. వంటింట్లో ఒక మనిషి. చెరొకటి గీసుకు రండి. ఎవరిది బాగుంటే వాళ్ళకి కుర్చీ ఉంటుంది.”

“రెండో కుర్చీ?” అని అడిగింది మా అమ్మాయి.

“తీసేస్తాను.”

ఆ సాయంత్రమే మా అమ్మాయి వంటింట్లో ప్రకటించింది. “పోనీలే మరదలా, ఇంట్లోనే ఉండి ఈ వంటింటి గోడలు కడుక్కుందువుగాని. నీకు గోడలంటే ప్రాణం కదా.”

 అది పైకి వెళ్ళాక కోడలు నాతో అంది. “ఈ ఇంట్లో గిన్నె ఎక్కడ పెట్టాలో కూడా ఆవిడే చెప్తుంది మామయ్యగారూ. తలుపు ఎటుండాలో, కిటికీ ఎంతుండాలో నేను చెప్పే చోటు ఆ తెర ఒక్కటే. అది పోతే రోజంతా నేనిక్కడ ఉండాలి. ఆవిడ తెచ్చిన గిన్నెల మధ్య.”

ఆమె గొంతు పెంచలేదు. అందుకే నాకు భయమేసింది.

మొదటి బొమ్మ వేసి చూపించింది. వంటిల్లు చూడముచ్చటగా ఉంది. నట్టనడుమ మాత్రం బోసిగా ఉంది. మనిషి కోసం వెతికితే, తలుపు వెనక, చీపురు పక్కన, సగం కనిపించింది.

“ఆవిడ అక్కడేం చేస్తోందమ్మా, దాక్కుందా?”

“నడుమ చోటు ఖాళీగా వదలడం అలవాటైపోయింది,” అంది కోడలు. “చేయి అటు పోనంటోంది.”

ఇన్నేళ్ళూ ఆ నడిమి చోటు మా అమ్మాయి గీసే మనుషుల కోసం అట్టిపెట్టింది. ఇప్పుడు అక్కడ తను అడుగుపెట్టాలంటే పరాయి ఇంట్లోకి వెళ్ళినట్టుంది. రెండో బొమ్మలో మనిషి కిటికీ అవతల ఉంది. మూడోదాంట్లో అల్మరా వెనక.

ఇలా లాభం లేదని నేనే గరిటె పట్టుకుని వంటింటి మధ్యలో నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానంటే నా కాళ్ళ కింద గచ్చు అరిగి రెండు గుంటలు పడ్డాయి. కావాలంటే వచ్చి చూసుకోవచ్చు, ఇప్పుడు పైన చాప వేశారు. బొమ్మలో నేను నడుమనే ఉన్నాను గానీ చెంపల మీద చెమ్మ ఎక్కింది, నుదుటి మీద నెర్రె ఇచ్చింది, ముక్కు పక్కన సున్నం ఉబ్బింది. మా అమ్మాయి మెట్లు దిగుతూ చూసింది.

“నాన్నకి పెచ్చులూడుతున్నాయి. ఎవరైనా తాపీమేస్త్రీని పిలవండి.”

నాకు నవ్వొచ్చింది. కోడలు చూసిన చూపుకి సగంలో ఆగిపోయింది. ఆమె ఆ బొమ్మ కూడా చెరిపేసింది.

మర్నాడు పొద్దున ఆమె వంటింటి గుమ్మం దగ్గర తన బల్ల ముందు కూర్చుని ఉంది. తెర తెల్లగా ఉంది. మా అమ్మాయి పాల కోసం దిగివచ్చి, ఫ్రిజ్ తలుపు తెరిచి, పాలు తీసుకోకుండా ఇటు తిరిగింది.

“ఇంకా అవలేదా? నాది ఎప్పుడో అయిపోయింది.”

కోడలు పలకని ఒళ్ళోకి లాక్కుంది.

“నువ్వే తప్పుకుంటున్నట్టు ఆయనకి ఒక్కమాట చెప్పెయ్. నిన్ను అక్కడ కూర్చోబెట్టింది నేను. లేపింది కూడా నేనే అంటే బాగుండదు.”

“ఫ్రిజ్ తలుపు వేయండి వదినగారూ. పాలు పాడైపోతాయి.”

“ఈ ఫ్రిజ్ ఎవరిది?”

“మీదే. తలుపు వేయండి.”

“వేయను.”

అని తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. కోడలు తలెత్తి మొదటిసారి దాన్ని తేరిపార చూసింది. కిటికీలోంచి ఎండ ఒక చెంప మీద, ఫ్రిజ్ దీపం చల్లటి తెలుపు రెండో చెంప మీద. గోడకున్న టైల్స్ ఆకుపచ్చ గడ్డం కిందకి పాకింది. కోడలి చూపు మొహం మీంచి భుజానికి, భుజం మీంచి మోకాలికి, అక్కణ్ణుంచి నేలకు దిగి ఆగిపోయింది. మా అమ్మాయికి కోపమొస్తే మొహంలో పెద్దగా తెలియదు. కాలి వేళ్ళు ముడుచుకుని నేలను పట్టుకుంటాయి. దాన్ని కన్న నేనే ఆనాటిదాకా గమనించలేదు.

“అలాగే ఉండండి,” అంది కోడలు.

“ఏమిటి?”

“వేయనన్నారు కదా. వేయకండి.”

మరదలు ఉండమంటే వెళ్ళిపోవాలి. వేయకండి అంటే వేసెయ్యాలి. కానీ వేస్తే ఓడిపోయినట్టు. ఆ పౌరుషంతో మా అమ్మాయి ఉన్నచోటునుంచి కదల్లేదు. కోడలి కలం మొదటిసారి తెర నడిమధ్యన పడింది. ఒకరినొకరు చూసుకుంటూ ఇద్దరూ ఎంతసేపున్నారంటే, ఫ్రిజ్‌లో ఐసంతా కరిగి, నేల మీద పారి, నా చెప్పులు వీధి గుమ్మం దాకా కొట్టుకుపోయాయి. “పాలు విరిగాయి,” అని నేను అనేవరకూ మా అమ్మాయి కదల్లేదు. కదిలి, తలుపు ధడాలున వేసి, గెలిచినట్టే పైకి వెళ్ళింది.

మామూలుగా మనిషినొక పారదర్శకమైన పొర మీదా, చోటునొక పొర మీదా గీస్తారట, విడదీయడానికి వీలుగా. కోడలు ఈసారి అన్నీ ఒకే పొర మీద వేసింది. తెర మీది గోడ రంగులోనే కలం ముంచి గడ్డం కింద రాసేది. మొహంలోని ఎరుపు కొంచెం తీసి ఫ్రిజ్ అంచుకి పూసేది.

“అదేమిటమ్మా, కోపం ఫ్రిజ్‌కి కూడా అంటించావ్?”

“అంటుకుంటుందండి. ఈ ఇంట్లో దేన్ని ముట్టుకున్నా అదే.”

చివరికి పాదాలు వేసింది. రెండు రోజులు ఆ పది వేళ్ళ మీదే కూర్చుంది.

బొమ్మలు చూపించిన రోజున నేనక్కడ లేను. ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. ఇద్దరి మాటా కలిసిన చోట అదే రాస్తున్నాను, కలవని చోట నాకు నచ్చింది రాస్తున్నాను.

ముందు మా అమ్మాయి బొమ్మ. ఒక అందమైన అమ్మాయి, జుట్టులో ప్రతి పోగూ విడివిడిగా, కళ్ళలో తడి. వెనక నిగనిగలాడే వంటిల్లు. చీలమండల దగ్గర మాత్రం తెల్లగా మబ్బు కమ్ముకుని ఉంది.

“వంటింట్లో ఈ పొగమంచేమిటి?” అన్నాడు రబ్బరు.

“ఆవిరండి.”

“పొయ్యి ఆర్పి ఉంది కదమ్మా. ఈ పిల్ల పాదాలేవి?”

మా అమ్మాయి ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, అవి నీ పనే కదా అన్నట్టు కోడలి వైపు తిరిగింది. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. పాదాలు తను వేయాలని దానికి అప్పటిదాకా తట్టనే లేదు.

తరవాత కోడలి బొమ్మ. గదిలో అందరూ తెర వైపు చూశారు, వెంటనే మా అమ్మాయి వైపు చూశారు. మళ్ళీ తెర వైపు. కళ్ళలో ఆ తృణీకారం, ఫ్రిజ్ తలుపు మీద ఆ పిడికిలి, నేలను పట్టుకున్న ఆ వేళ్ళు. జాలి అన్నది ఆ బొమ్మలో ఏ మూలా లేదు.

“ఇంట్లో కూడా ఈవిడ ఇంతేనన్నమాట,” అంది వెనకనుంచి ఒక గొంతు.

“నన్నడక్కుండా నా బొమ్మ ఎలా వేస్తావ్?” అంది మా అమ్మాయి.

“మనిషి మీ పనే కదా వదినగారూ. అందుకే మీ దగ్గరే తీసుకున్నాను. మీరే నిలబడి ఇచ్చారు.”

రబ్బరు ఇదేదీ వినలేదు. తెర దగ్గరికి వంగి పాదాలు చూస్తున్నాడు. “నేల చల్లగా ఉన్నట్టు తెలుస్తోంది,” అన్నాడు. “కుర్చీ ఈమెదే.”

మా అమ్మాయి ఆ బొమ్మని పైనుంచి కిందిదాకా ఒక్కసారి చూసింది. ఏదో ఒకటి అనాలి కదా. “నా ఎడమ కాలి చిటికెన వేలు అంత వంకరేం కాదు,” అంది. అందరూ వంగి చూడబోయేసరికి రెండు కాళ్ళూ కుర్చీ కిందకి లాక్కుంది. ఆ మర్నాడు ఆ కుర్చీ కూడా తీసేశారు.

ఇప్పుడు మా అమ్మాయి పై వాటాలో కూర్చుని వేరే ఎవరికో మొహాలు గీసి పంపుతోంది. కోడలితో మాటల్లేవు. కోడలు ఓదార్చబోలేదు, క్షమించమనీ అడగలేదు. పైగా ఆ స్టూడియో కథల్లో ఈమధ్య మంత్రగత్తెలకీ, సవతి తల్లులకీ, దుష్ట రాణులకీ, ఒక ఆడ రాక్షసికి కూడా ఎడమ కాలి చిటికెన వేలు వంకరగా ఉంటోంది. పిల్లలు గుర్తుపట్టి ముందే భయపడుతున్నారట. మా అబ్బాయి మాత్రం కూర్చుని భోంచేస్తున్నాడు. భోజనాల బల్ల దగ్గర ఆ ఇద్దరూ కలిసి ఉండడం మానేశారు కనక.

మా అమ్మాయి వంటింట్లోకి మేజోళ్ళు వేసుకుని వస్తోంది. ఎంత ఉక్కగా ఉన్నా సరే. నిన్న కూడా అలాగే దిగివచ్చి, ఫ్రిజ్ తెరిచి, పాలు తీసుకుని, వెంటనే తలుపు వేసేసింది.

“కాసేపు నిలబడకపోయారా వదినగారూ,” అంది కోడలు, పలక మీంచి కలం ఎత్తకుండా.